కాపరి మొర ఆలకించేదెవరు?

ఈ నెల మా స్వంత పొరపాటు ఒకటి మీ ముందు ఒప్పుకొని ఈ నాలుగు మాటలు ప్రారంభిస్తున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక శనివారము సాయంకాలము. మరుసటి దినము ప్రభురాత్రి భోజనపు ఆరాధన. ప్రసంగము ఇంకా సిద్ధము కాలేదు. స్త్రీల సమాజము వారు గుడి ఊడ్చి చాపలు పరుస్తున్నారు. రెండు కుటుంబముల మధ్య గోడ తగవు తీర్చి, మేము అప్పుడే ఇంటికి వచ్చి బైబిలు ముందు కూర్చున్నాము. ఇంతలో మా సంఘ సభ్యుడొకాయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కౌలుకు మూడెకరములు తీసుకొని మిరప వేసిన మనిషి. ఏ ఆదివారమూ ఆరాధన మానడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు.

"అయ్యగారూ, రెండు నిమిషాలు మీతో మాట్లాడాలండి" అన్నాడు.

"ఏమయ్యా, ఇంట్లో అందరూ బాగున్నారా?" అన్నాము.

"అందరూ బాగానే ఉన్నారండి. నాకే మనసు బాగుండటం లేదు."

"మనసు బాగా లేనప్పుడే గదయ్యా ప్రభువు మీద భారము వేయవలసింది!" అంటూ లేచి, ఆయన తల మీద చెయ్యి ఉంచి, నిలబడే ప్రార్థన చేసి, ఆమెన్ చెప్పి పంపించివేశాము. ఆయన అడిగినది రెండు నిమిషములు. ఆ రెండు నిమిషములూ మేమే మాట్లాడాము.

సోమవారము తెల్లవారుజామున కబురు వచ్చింది. ఆయన తన ప్రాణము తానే తీసుకొనబోయాడు. దేవుని దయవలన ఇంటివారు వెంటనే చూచి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చారు. బ్రదికాడు. నాలుగవ నాడు మేము ఆయన మంచము ప్రక్కన కూర్చుని ఉండగా మెల్లగా ఇలా అన్నాడు: "ఆ రోజు మీకు చెప్పుకుందామనే వచ్చానండి. మీరు ప్రార్థన చేశారు. ఏమైందని మాత్రం అడగలేదు."

కోపముతో అన్న మాట కాదు అది. కోపముతో అని ఉంటే మేము తట్టుకొనేవారము.

ఈ సంగతి ఆయన అనుమతితోనే, గుర్తులు కొన్ని మార్చి వ్రాస్తున్నాము. "రాయండి అయ్యగారూ, ఇంకొకరికి ఉపయోగపడుతుంది" అని ఆయనే అన్నాడు.

మాకు సంభవించినది

ఆయన కోలుకొని ఇంటికి వచ్చాడు. అయితే ఆ తరువాత పడిపోయినది మేము. రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చేది, మరి నిద్ర పట్టేది కాదు. వాక్యము చదివితే అక్షరములు కనబడేవిగాని అర్థము మనస్సుకు ఎక్కేది కాదు. పిల్లల మీద ఊరకే విసుక్కొనేవారము. ఆదివారము మాత్రము తెల్లబట్టలు వేసుకొని, చిరునవ్వుతో వేదిక ఎక్కి, చింతపడవద్దని సంఘమునకు బోధించి, ఇంటికి వచ్చి గది తలుపు వేసుకొనేవారము. మా భార్య "మీకు ఏమైందండీ?" అని ఎన్నిసార్లు అడిగినా "ఏమీ లేదు, అలసట" అనేవారము.

ఎవరితో చెప్పుకొనగలము? సంఘ పెద్దలతో చెబితే "అయ్యగారికే విశ్వాసము లేకపోతే మా సంగతేమిటి?" అంటారేమో. పై అధికారులతో చెబితే బదిలీ వ్రాస్తారేమో. ప్రక్క ఊరి సేవకునితో చెబితే వచ్చే నెల కూటములలో పదిమందికి తెలుస్తుందేమో. ఇట్లు ఒక్కొక్క తలుపు మేమే మూసుకొంటూ వచ్చాము. సంఘములో ఎవరికి ఏ కష్టము వచ్చినా మా వాకిటికి వస్తారు. మేము పోవుటకు మాత్రము ఒక్క వాకిలి లేదనిపించింది.

ఎనిమిది నెలలు గడిచిన తరువాత మా భార్య బలవంతము మీద ఒక వృద్ధ సేవకుని దగ్గరకు వెళ్ళాము. ఆయన చాలాకాలము ఒక మిషను ఆసుపత్రిలో రోగుల మధ్య పరిచర్య చేసి విశ్రాంతి తీసుకొన్నవారు. రెండు బస్సులు మారి వెళ్ళాము. ఆయన టీ ఇప్పించి, ఫోను ఆపివేసి, కుర్చీ మా ప్రక్కకు జరుపుకొని, "చెప్పు తమ్ముడూ" అన్నారు.

గంటన్నరసేపు మాట్లాడాము. మధ్యలో ఏడ్చాము. ఆయన ఏ వచనము చెబుతారోనని చూశాము. ఏమీ చెప్పలేదు. చివరకు ఒక్క ప్రశ్న అడిగారు: "ఈ మాటలు ఇంతకు ముందు ఎవరితోనైనా అన్నావా?"

"లేదండి."

"ఆ తమ్ముడూ ఎవరితోనూ అనలేకనే గదా అంతవరకు వెళ్ళాడు."

అప్పటివరకు మేము కాపరి, ఆయన మందలోని గొఱ్ఱె అనుకొంటూ వచ్చాము. మా ఇద్దరిదీ ఒకే జబ్బు అని ఆ క్షణమున తెలిసింది. తరువాత ఆయన ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో మేము చెప్పిన మాటలే ఉన్నాయి, ఒక్కటీ మరచిపోలేదు. మా మాటలు విన్నవాడు దేవునితో మా కొరకు మాట్లాడితే ఎట్లుంటుందో మొదటిసారి తెలిసికొన్నాము. "నిద్ర సంగతి డాక్టరుకు చూపించుకో. అది సిగ్గుపడవలసిన పని కాదు" అని కూడా హెచ్చరించి పంపారు. ఆ విధముగా పదిహేను రోజులకొకసారి, మొత్తము ఆరుసార్లు వెళ్ళాము. అదే క్రైస్తవ కౌన్సెలింగ్ అని తరువాత తెలిసింది.

దైవజనులు కృంగలేదా?

"దేవుని సేవకునికి కౌన్సెలింగ్ ఎందుకు? మోకాళ్ళు లేవా?" అని కొందరు సహోదరులు అడుగుతారు. మేమును ఒకప్పుడు అట్లే అన్నవారమే. కాబట్టి వాక్యములోనికే వెళ్ళి చూద్దాము.

1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి తనకు చావు కావాలని అడుగుతాడు. ఇది ఎప్పుడు? కర్మెలు పర్వతము మీద గొప్ప విజయము పొందిన వెంటనే! ప్రభువు ఆయనను గద్దించలేదు. "నీ విశ్వాసము ఏమైంది?" అని ప్రసంగము చేయలేదు. మొదట నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి ముట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మరల నిద్రపోనిచ్చి, మరల భోజనము పెట్టాడు. తరువాత హోరేబులో ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగి, ఏలీయా రెండుసార్లు అదే ఫిర్యాదు చెప్పినా ఓర్పుతో విన్నాడు. ఆ తరువాతనే పని అప్పగించాడు. ఆ పనిలో తోడుగా ఎలీషాను ఇచ్చాడు. నిద్ర, ఆహారము, ప్రశ్న, వినుట, తోడు: ఇదంతా దేవుడే చేసిన పరిచర్య. పరలోకమందున్న తండ్రి ఇట్లు చేసినప్పుడు మనము దానిని అవిశ్వాసమని ఎట్లు అనగలము?

మోషే సంగతి చూడండి. నిర్గమకాండము 18వ అధ్యాయములో ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒక్కడే కూర్చుండి ప్రజల తగవులు తీరుస్తుంటే, మామయైన యిత్రో వచ్చి చూచి, నీవు నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు అని హెచ్చరించాడు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. కాపరి ఒక్కడే నలిగిపోడు, అతనితోపాటు ప్రజలూ నలిగిపోతారు. పౌలు సైతము మాసిదోనియలో శరీరమునకు విశ్రాంతి లేక, లోపల భయములతో ఉన్నప్పుడు, తీతు రాకవలన దేవుడు తనను ఆదరించెనని 2 కొరింథీ 7వ అధ్యాయములో సాక్ష్యమిస్తున్నాడు. దేవుడు నేరుగా ఆదరింపలేడా? ఆదరింపగలడు. అయినను ఒక మనిషిని పంపి ఆదరించాడు.

ఇంగ్లీషులో కౌన్సెలర్ అను మాట కొందరికి క్రొత్తగా, లోకసంబంధముగా తోస్తుంది. మన తెలుగు బైబిలులో యెషయా 9వ అధ్యాయము తెరవండి. మన ప్రభువుకు పెట్టబడిన పేర్లలో ఆలోచనకర్త అని ఒకటి ఉన్నది. యోహాను సువార్త 14వ అధ్యాయములో పరిశుద్ధాత్మను ఆదరణకర్త అని పిలుచుచున్నాము. ఇంగ్లీషు తర్జుమాలలో ఈ రెండు చోట్లను కౌన్సెలర్ అను మాట వాడినవి ఉన్నాయి. ఆలోచన చెప్పువాడు, ఆదరించువాడు: ఈ రెండును కలిసినదే మనము మాట్లాడుచున్న పరిచర్య. ఆదరణ లేని ఆలోచన యోబు స్నేహితులది. వారు ఏడు దినములు మౌనముగా నేల మీద కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే, నోరు తెరిచిన తరువాతనే గదా యోబుకు బాధ ఎక్కువైనది!

సంఘ చరిత్రలో

ఇంగ్లాండులోని కిడర్‌మిన్‌స్టర్ అను ఊరిలో రిచర్డ్ బాక్స్‌టర్ అను కాపరి ఉండేవాడు. ఆయన సేవకుల కొరకు వ్రాసిన గ్రంథము 1656లో వెలువడింది. ఆ సంఘములో ఎనిమిది వందలకు పైగా కుటుంబములు. ప్రతి సోమ, మంగళవారములు ఆయనయు ఆయన సహాయకుడును వారమునకు పదిహేను, పదహారు కుటుంబములతో విడివిడిగా కూర్చుని వారి ఆత్మల క్షేమము మాట్లాడేవారు. సంవత్సరము తిరిగేసరికి అన్ని కుటుంబములూ పూర్తయ్యేవి. అందరికీ కలిపి చేసే ప్రసంగము చాలదని, ఒక్కొక్కరితో కూర్చొనవలెనని ఆయన ఆనాడే ఎరిగి ఉన్నాడు.

మన సేవకులలో స్పర్జన్ గారి పేరు తెలియనివారు లేరు. 1856 అక్టోబరులో లండనులోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాలులో ఆయన ప్రసంగించుచుండగా ఎవరో నిప్పు అని కేక వేశారు. ఆ తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది రెండు సంవత్సరములే. ఆ దెబ్బతో మంచము పట్టాడు. కృంగుదల ఆయనను జీవితాంతము వచ్చి వచ్చి బాధించింది. దానిని ఆయన దాచలేదు. సేవకు సిద్ధపడుచున్న విద్యార్థులకు, సేవకులకు వచ్చే ఈ కృంగుదలను గురించే ఒక ఉపన్యాసము చేశాడు.

విలియం కేరీ మన దేశమునకు 1793లో వచ్చాడు. మరుసటి సంవత్సరమే ఆయన చిన్న కుమారుడు పీటరు అయిదేండ్ల వయస్సులో చనిపోయాడు. ఆయన భార్య డొరొతీ గారికి ఆ దుఃఖములో మతి చెదిరింది. 1807లో ఆమె చనిపోయేవరకు అది బాగుపడలేదు. ప్రక్క గదిలో ఆమె ఉండగా ఈ గదిలో ఆయన బైబిలు తర్జుమా చేశాడు. ఆయన తర్జుమాలను గూర్చి మనము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆమెను గూర్చి ఎన్నిసార్లు ప్రార్థించాము? నేటికిని ఎన్ని పాస్టరు గృహములలో అమ్మగారు ఎవరితోనూ చెప్పుకొనలేని భారముతో ఉన్నారో దేవునికే తెలుసు.

అమెరికాలో ఆంటన్ బాయిసెన్ అను సేవకుడు 1920లో తానే మనోవ్యాధితో ఆసుపత్రిలో చేర్చబడ్డాడు. బయటికి వచ్చిన తరువాత, ఇటువంటి రోగుల దగ్గర కూర్చొనుట మన సేవకులకు ఎవరును నేర్పలేదే అని బాధపడ్డాడు. 1925లో వేదాంత విద్యార్థులను మానసిక చికిత్సాలయమునకు తీసుకొనిపోయి రోగుల ప్రక్కన కూర్చుండబెట్టి నేర్పించాడు. ఆసుపత్రులలో పాస్టర్లకు ఇచ్చే కౌన్సెలింగ్ శిక్షణకు మూలము అదే. మన దేశములో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో మానసిక వైద్య కేంద్రము ప్రారంభించినప్పుడు, రోగితోపాటు కుటుంబమువారు కూడ ఉండి చికిత్సలో పాలుపొందే పద్ధతి పెట్టారు. ఒక అవయవము బాధపడితే తక్కినవన్నియు బాధపడునని మనము నమ్ముచున్నాము గదా, ఇది దానికి తగిన పద్ధతి.

మేము నేర్చుకొన్న నాలుగు పనులు

ఆ వృద్ధ సేవకుని దగ్గర, తరువాత కొన్నాళ్ళు శిక్షణలో, మేము నేర్చుకొన్నది నాలుగు మాటలలో చెబుతాము.

1. వినుట. సేవకులమైన మాకు ఇది అన్నిటికంటె కష్టము. మాట్లాడుటకే మాకు తర్ఫీదు ఇచ్చారు. ఇప్పుడు ఎవరైనా వస్తే కూర్చోబెట్టి, మొదటి అరగంట వచనము చెప్పము, సలహా ఇవ్వము, మరొకరి కథ ఎత్తము. ప్రార్థన చివరికి ఉంచుతాము. ప్రార్థన తక్కువదని కాదు. ఏమి ప్రార్థించవలెనో వినకముందు మనకు తెలియదు గనుక.

2. అడుగుట. "మనసు బాగా లేదు" అన్నవానిని "ఎప్పటినుండి? నిద్ర పడుతున్నదా? అన్నము తింటున్నావా?" అని అడగాలి. అవసరమైతే "చనిపోవాలని అనిపిస్తున్నదా?" అని సూటిగా, ప్రేమతో అడగాలి. అట్లు అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని మేమును భయపడ్డాము. అది సరికాదు. అడిగినందువలన ఆలోచన పుట్టదు, లోపల దాచుకొన్నది బయటికి వచ్చుటకు దారి దొరుకుతుంది. అట్టివానిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఇంటివారిని పిలిపించి, ఆపద కలిగించే వస్తువులు దూరము చేయించి, వైద్యుని దగ్గరకు మనమే వెంటబెట్టుకొని వెళ్ళాలి.

3. దాచుట. ఇందులోను మేము ఒకసారి తప్పిపోయాము. ఒక సహోదరి చెప్పుకొన్న కుటుంబ సంగతిని, పేరు చెప్పకుండానే, ప్రసంగములో దృష్టాంతముగా వాడాము. చిన్న ఊరు గదా, అందరూ గుర్తుపట్టారు. ఆమె ఆరు నెలలు గుడికి రాలేదు. వెళ్ళి క్షమాపణ అడిగాము. అప్పటినుండి మా దగ్గర చెప్పిన మాట వేదిక మీదికి రాదు, కమిటీలోకి రాదు, మా భార్య దగ్గరకు కూడ పోదు. అయితే దాచకూడని సంగతులు కూడ ఉన్నాయి. ఎవరి ప్రాణమునకైనా అపాయమున్నప్పుడు దాచరాదు. పిల్లల మీద లైంగిక అత్యాచారము జరిగినట్లు తెలిస్తే పోలీసులకు తెలియజేయుట 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము ప్రతివాని విధి. సంఘ పరువు కొరకు దానిని కప్పిపుచ్చుట పాపము, నేరము కూడ. ఈ హద్దులు మొదటనే చెప్పి కూర్చుంటాము.

4. పంపుట. మేము వైద్యులము కాము. దెయ్యము పట్టినదని మన దగ్గరకు తెచ్చినవారిలో జబ్బుపడినవారు ఎందరో ఉన్నారు. "ఎర్రగడ్డకు పంపాలి" అనుట మన భాషలో ఎగతాళి మాట అయిపోయింది. అది ఎంతోమందికి వైద్యము చేసిన ఆసుపత్రి అని మరచిపోయాము. షుగరుకు మందు వాడితే ఎవరూ అవిశ్వాసి అనరు, మనస్సుకు మందు వాడితే ఎందుకు అనాలి? ప్రార్థన చేశాము గనుక మందులు ఆపివేయుమని ఏ సేవకుడును చెప్పరాదు. 2022 అక్టోబరు 10 నుండి ప్రభుత్వము టెలిమానస్ అను ఉచిత ఫోను సేవ నడుపుచున్నది. 14416 నంబరుకు రాత్రింబగళ్ళు ఎప్పుడైనా, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఈ నంబరు మా గుడి తలుపు మీద పెద్ద అక్షరములతో వ్రాయించాము. దాని క్రింద స్త్రీల కొరకు 181, పిల్లల కొరకు 1098 వ్రాయించాము.

సంఘములో వచ్చిన మార్పు

ప్రతి గురువారము సాయంకాలము నాలుగు నుండి ఏడు వరకు గుడి ప్రక్క గదిలో కూర్చుంటున్నాము. రెండు కుర్చీలు, ఒక గడియారము, మంచినీళ్ళ కుండ. ఇంతకంటె ఖర్చు లేదు. మొదటి రెండు నెలలు ఎవరూ రాలేదు. "గురువారము గదిలోకి వెళ్ళినవారు ఏదో తప్పు చేసినవారు" అని ఊరిలో అనుకొన్నారట. అప్పుడు ఒక ఆదివారము, మాకు జరిగినదంతా సంఘము ఎదుట చెప్పాము. మేమును ఒకరి దగ్గరకు వెళ్ళి ఏడ్చి వచ్చామని చెప్పాము. గౌరవము పోతుందనుకొన్నాము. ఆ వారము ముగ్గురు వచ్చారు.

మగవారు ఎక్కువగా అప్పుల సంగతి చెప్పుకొంటారు. మాకు వడ్డీ లెక్కలు రావు. మా సంఘ పెద్దలలో బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. వచ్చినవారు ఒప్పుకొంటే, ఆయన వారితో కూర్చుని కాగితములు చూచి, ఏ అప్పు ముందు తీర్చాలో, బ్యాంకువారితో ఏమి మాట్లాడాలో చెబుతున్నారు. అది కూడ పరిచర్యయే.

స్త్రీలు మగ పాస్టరుతో అన్నీ చెప్పుకొనలేరు. చెప్పుకొనవలసిన అవసరము కూడ లేదు. వెనుకటి దినములలో మన సంఘములలో బైబిలు స్త్రీలు ఇంటింటికి వెళ్ళి, వంటింట్లో పీట వేసుకొని కూర్చుని, కన్నీళ్ళు తుడిచి వచ్చేవారు. కౌన్సెలింగ్ అను పేరు లేకుండానే వారు ఆ పని చేశారు. మేము స్త్రీల సమాజములో ఇద్దరు పెద్దవయస్సు సహోదరీలను శిక్షణకు పంపాము. భర్త కొడుతున్నాడని ఒక స్త్రీ చెబితే, "సర్దుకుపోమ్మా, ప్రార్థన చెయ్యి" అని త్రిప్పి పంపేది ఇక లేదు. మొదట ఆమె క్షేమము చూస్తారు. గృహహింస నుండి రక్షణకు 2005లో వచ్చిన చట్టము ఉన్నదని చెబుతారు. భర్తతో మాట్లాడే పని మేము తరువాత, విడిగా చేస్తాము.

ఇంకొకటి. పెండ్లి ప్రకటనలు మూడు ఆదివారములు చదువుతాము గదా! ఆ మూడు వారములలో వధూవరులతో మూడుసార్లు కూర్చుంటున్నాము. డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, అత్తమామలతో ఎట్లుండాలి, కోపము వస్తే ఏమి చేస్తారు అని అడుగుతాము. సిగ్గుపడుతూనే జవాబు చెబుతారు. పెండ్లికి ముందు అడిగిన ప్రశ్న ఒకటి, పెండ్లి తరువాత తీర్చే తగవులు పదింటికి సమానము.

కాపరి కొరకు సంఘము ఏమి చేయాలి?

సంఘ పెద్దలారా, ఈ మాట మీకు. మీ పాస్టరుగారు అడుగరు గనుక వారి పక్షముగా మేము అడుగుచున్నాము.

వారములో ఒక దినము ఆయనకు విడిచిపెట్టండి. ఆ దినము మరణము, ప్రాణాపాయము తప్ప మరి దేనికీ పిలువవద్దు. దేవుడే ఏడవ దినమున విశ్రమించాడు గదా!

ఆయన జీతము సమయమునకు ఇవ్వండి. పిల్లల ఫీజుకు అప్పు చేసిన సేవకుడు మీ అప్పుల బాధ ఎట్లు మోయగలడు?

అమ్మగారిని సంఘమునకు జీతము లేని పనిమనిషిగా చూడవద్దు. ఆమె మనస్సు విప్పి మాట్లాడుటకు మీ సంఘము వెలుపల ఒక స్త్రీ ఉండవలెను. దానికి దారి చూపండి.

కౌన్సెలింగ్ శిక్షణకు ఆయనను పంపండి. ఆ కొద్ది రోజులు పెద్దలే ఆరాధన నడిపించండి. శిక్షణ ఇచ్చినవారి ఋణము సంఘమునకే తిరిగి వస్తుంది.

తోటి సేవకులారా, ఈ మాట మనకు. మేము వేర్వేరు సంఘములకు చెందిన నలుగురు సేవకులము నెలకొక సోమవారము కలిసికొంటున్నాము. మాకు మూడు నియమములున్నాయి. కానుకలు ఎంత, సభ్యులెంతమంది, గుడి ఎంత పెద్దది అని మాట్లాడము. మొదటి గంట ఎవరికీ ఎవరూ సలహా చెప్పము. అక్కడ విన్నది అక్కడనే విడిచిపెడతాము. మొదటి నెలలో అందరమూ "అంతా ప్రభువు కృప" అని చెప్పి టీ త్రాగి వచ్చాము. నాలుగవ నెలలో ఒక సహోదరుడు, "నేను ఆరు నెలలనుండి ప్రార్థన చేయలేకపోతున్నాను" అన్నాడు. గదిలో నిశ్శబ్దము. తరువాత ఇంకొకరు, "నేను కూడా" అన్నారు. ఆ దినమే మా సహవాసము నిజముగా ప్రారంభమైనది. ఒకరి భారములను ఒకరు భరించవలెనని గలతీయుల సంఘమునకు వ్రాయబడిన ఆజ్ఞలో పాస్టర్లను మినహాయించలేదు.

అందరి సమస్యలు తీరినవని మేము చెప్పము. గురువారము గదికి వచ్చి, రెండవసారి రానివారు ఉన్నారు. విడిపోయిన దంపతులు ఉన్నారు. మాకును ఇప్పటికి కొన్ని రాత్రులు నిద్ర రాదు. అయితే ఆ రాత్రి ఎవరికి ఫోను చేయవలెనో మాకిప్పుడు తెలుసు.

ఆ మిరప రైతు సంగతి చెప్పి ముగిస్తాము. ఆయన చాలాకాలము డాక్టరుగారి దగ్గరకు వెళ్ళి మందులు వాడాడు, ఇప్పటికీ అప్పులు కొద్దికొద్దిగా తీరుస్తున్నాడు. గురువారము సాయంకాలము వీలైనప్పుడెల్లా వచ్చి గుడి గేటు దగ్గర అరుగు మీద కూర్చుంటాడు. ఎందుకయ్యా అని ఒకసారి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. తరువాత మాకే అర్థమైంది. ఒకనాడు లోపలికి వచ్చి, "అయ్యగారూ, ఒక కుర్రాడు గేటు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాడండి. మీరు ఒకసారి బయటికి రండి. పిలవకపోతే వెళ్ళిపోతాడు" అన్నాడు.

లేచి వెళ్ళాము. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, "ఏమైంది బాబూ?" అని అడిగాము.

తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకిన మంచి కాపరి, అలసిన తన సేవకుల మొరను ఆలకించి, వినే చెవులను, అడిగే ప్రేమను మన సంఘములన్నిటికి దయచేయును గాక. ఆమెన్.